మనిషి ఇక్కడ, గొంతు అక్కడ

గురునాథం గొంతు సంగతి తెలుగు గల్లీలో ఎవరినడిగినా ముందు నవ్వుతారు, తర్వాత చెబుతారు. రాయపూర్ అంచున ఉర్లాలో ఇనుప కడ్డీలు తీసే రోలింగ్ మిల్లు పూర్తి జోరు మీద నడుస్తుంటే, ఈ చివర నుంచి ఆ చివర మనిషిని పేరు పెట్టి పిలవగలిగినవాడు అతనొక్కడే. ఎర్రగా కాలిన కడ్డీ దూసుకొచ్చే చోటికి అడుగు వేయబోయిన పనివాణ్ణి ఒకసారి కేకతోనే ఆపాడు. మిల్లులో అది వరం. ఇంట్లో పార్వతమ్మకు మాత్రం తలనొప్పి. మొగుడూ పెళ్ళాల మధ్య గుట్టు అనేది ఒకటుంటుందని ఆ మనిషికి తెలీదని ఆవిడ నెత్తీ నోరూ బాదుకునేది. పులుసులో ఉప్పు తక్కువైందని అతను అన్నాడంటే చాలు, పక్కింటి దీనమ్మ వేళాకోళానికి గిన్నెలో ఉప్పు పంపించేది.

గురునాథానిది టెక్కలి దగ్గర పల్లెటూరు. మేనమామ వెంట మిల్లు పనికి వచ్చి రాయపూర్‌లో స్థిరపడ్డాడు. పక్కింటి దేవదాసుది నరసాపురం వైపు, రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. అతని భార్య దీనమ్మ ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నర్సు. వీళ్ళింట రామనవమి పానకం, వాళ్ళింట క్రిస్మస్ కేకు. ఎవరి దేవుడు వాళ్ళకున్నాడు, చుట్టరికం మాత్రం ఎవరి అనుమతీ అడగకుండా కలిసిపోయింది. దేవదాసు ఇతన్ని బావా అనేవాడు, దీనమ్మ అన్నయ్యా అనేది. చుట్టూ హిందీ, ఛత్తీస్‌గఢీ వినబడే ఊళ్ళో తెలుగు మాట్లాడేవాడు ఎవడైనా మనవాడే. ఆ దుకాణం మనవాళ్ళది, ఆ డాక్టరు మనవాడు అంటే తెలుగువాడని అర్థం, అంతకు మించి ఇంకేమీ లేదు.

రెండు వేల సంవత్సరంలో ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం వేరై రాయపూర్ రాజధాని అయింది. బియ్యం మిల్లుల ఊరు కాస్తా మంత్రుల ఊరైంది. ఇక్కడి జనం తొందరపడే జనం కాదు. పెద్దల మాట, వారాల ఉపవాసం, ఆడపిల్ల దీపాలు పెట్టే వేళకు ఇల్లు చేరడం, వీటిలో ఏదీ మారకూడదనుకునే జనం. వాళ్ళు ఓటేసే పార్టీ కూడా అచ్చం ఆ జనంలాగే ఉండేది. వార్డులో దాని ఆఫీసు పిండి మిల్లు వెనక ఒక అద్దె గది. దాన్ని నడిపేది రామ్‌ఖిలావన్ వర్మ అనే రిటైరైన బడిపంతులు. అందరూ వర్మాజీ అనేవారు. సైకిలు, నేత కుర్తా, నోరు తెరిస్తే మందలింపు. గుట్కా నమిలేవాడు కనబడితే దుకాణం ముందే నిలబెట్టి ఉమ్మించేవాడు. జీన్సు వేసుకున్న ఆడపిల్లను చూస్తే ఆమె తండ్రికి పాఠం చెప్పి వెళ్ళేవాడు. చాదస్తపు మనిషి, కాదనేదేముంది. కాని గల్లీలో ఎవరింట్లో మనిషి పోయినా చుట్టాల కన్నా ముందు ఆ సైకిలే కనిపించేది, అది ఎవరిల్లన్నది చూసుకునేది కాదు.

ఒక రామనవమికి పందిట్లో మైకు పనిచేయక, పానకం కోసం జనం ఒకరి మీద ఒకరు పడుతుంటే, గురునాథం బల్ల ఎక్కి ఒక్క కేక వేశాడు. గల్లీ మొత్తం వరసలో నిలబడింది. పక్కన నిలబడి చూసిన వర్మాజీ మర్నాడు పొద్దున్నే గుమ్మంలో దిగాడు. ఎన్నికలొస్తున్నాయి, మైకు ఆటోలో కూర్చుని తెలుగు ఇళ్ళ మధ్య మాట్లాడాలి అని అడిగాడు. అడిగాడనడం మర్యాదకు, ఆజ్ఞాపించాడు. గురునాథం మురిసిపోయాడు. మిల్లులో పనికొచ్చే గొంతు ఊరికి కూడా పనికొస్తుందంటే మురిసిపోడా మరి.

వర్మాజీ హిందీలో నాలుగు ముక్కలు రాసిచ్చాడు. వాటిని తెలుగు చేద్దామని గురునాథం దేవదాసు అరుగు మీద కూర్చున్నాడు. మొదటి ముక్క దగ్గరే బండి ఆగింది. హిందీలో 'హమారీ పార్టీ' అని ఉంది. దాన్ని 'మా పార్టీ' అనాలా, 'మన పార్టీ' అనాలా?

"మా పార్టీ అన్నావనుకో బావా, నన్ను గుమ్మం బయట నిలబెట్టి మాట్లాడినట్టుంటది," అన్నాడు దేవదాసు. "మన పార్టీ అను. నేను ఓటేస్తానో లేదో తర్వాత సంగతి. ముందు లోపలికైతే పిలిచినట్టుంటది గదా."

గురునాథం ఈ తిరకాసును అటుగా వచ్చిన వర్మాజీకి హిందీలో విప్పి చెప్పాడు. మా భాషలో 'హమ్'లు రెండున్నాయి పంతులుగారూ, ఒకదాంట్లో వినేవాడు కూడా ఉంటాడు, రెండోదాంట్లో ఉండడు అన్నాడు. వర్మాజీ అంతకు ముందెప్పుడూ వినని వింతలా విన్నాడు. కాసేపు ఆలోచించి, వినేవాడున్న మాటే వాడుకో, రెండోది మా కోడలి పుట్టింటివాళ్ళు నాతో మాట్లాడేటప్పుడు వాడుకుంటారు అన్నాడు. అరుగంతా నవ్వులే. అప్పట్నుంచి గురునాథం మైకు పట్టుకుంటే మొదటి మాట ఒక్కటే: "మనవాళ్ళందరికీ దండాలు. నేను మీ గురునాథాన్ని." ముఖ్యమైన మాటకు ముందు చిన్నగా దగ్గేవాడు. ఆటో మలుపు తిరగకముందే ఆ దగ్గు విని దీనమ్మ, అన్నయ్య వస్తున్నాడు, చాయ్ పెట్టాలి అని లేచేది.

పార్టీ గెలిచింది. మళ్ళీ గెలిచింది. అధికారం అలవాటైంది. పిండి మిల్లు వెనక గది పోయి పాలరాతి నేల ఉన్న ఆఫీసు వచ్చింది. సైకిళ్ళ చోట మోటారు సైకిళ్ళు, వాటి చోట నల్ల అద్దాల కార్లు వచ్చాయి. స్టీలు గ్లాసుల్లో చాయ్ పోయి, నాయకుడి బొమ్మ ఉన్న కాగితపు కప్పులు వచ్చాయి. ఒకప్పుడు మందు వాసన వస్తే గడప దాటనివ్వని ఆఫీసు వెనక, ఓట్ల లెక్కింపు నాడు సీసాలు దొర్లాయి. వర్మాజీ వాటిని చూసి ఎవడ్నో చెంపదెబ్బ కొట్టాడని, ఆ ఎవడో పెద్ద కాంట్రాక్టరు బావమరిది అని, ఆ దెబ్బే పంతులుగారి కొంప ముంచిందని చెప్పుకున్నారు. చెంప మాత్రం కొట్టదగ్గదే, అది నేనంటున్నాను.

ఊరికి దూరంగా కొత్త రాజధాని నయా రాయపూర్ కట్టిన కొత్తలో అక్కడేదో సభ పెట్టారు. కుర్చీలు నింపడానికి వార్డుల నుంచి బస్సుల్లో జనాన్ని తోలుకెళ్ళారు. గురునాథం నినాదాలు తనే మొదలుపెట్టాలనుకుని గొంతు సవరించుకుంటూ వెళ్ళాడు. అక్కడ టీ షర్టు వేసుకున్న కుర్రాడు మైకు లాక్కుని, అక్కర్లేదు అంకుల్, అన్నీ కంప్యూటర్లోనే ఉన్నాయి అన్నాడు. అవమానం దిగమింగి, కాళ్ళు సాగదీద్దామని అటు నడిచాడు. తిరిగొస్తే బస్సు కనిపించలేదు. అన్నీ ఒకేలాంటి రోడ్లు, పది లారీలు పక్కపక్కన పోయేంత వెడల్పు, ఒక్క ఇల్లు లేదు, ఒక్క మనిషి లేడు. పట్టపగలు అతనికి భయం వేసింది. తనతో బస్సులో వచ్చిన వర్మాజీని పేరు పెట్టి కేకేశాడు. కేక వెళ్ళిపోయింది. తగిలి తిరిగి రావడానికి అక్కడ గోడ లేదు. తన గొంతు తన దగ్గరకు రాకపోవడం అదే మొదటిసారి. ఆ సంగతి దేవదాసుకు చెప్పి నవ్వుదామనుకున్నాడు గాని నవ్వు రాలేదు.

తర్వాత ఒక ఎన్నికలో పార్టీ ఓడింది. ఓటమికి ఎవరో ఒకరు కారణం కావాలి కదా, పాతవాళ్ళయ్యారు. మీ కాలం మాటలు ఈ కాలం పిల్లలకు ఎక్కవన్నారు. వర్మాజీని మీటింగుల్లో ముందు వరస నుంచి చివరి వరసకు, చివరి వరస నుంచి ఇంటికి పంపించారు. ప్రచారం ఎలా చేయాలో చెప్పడానికి బయటి ఊరి నుంచి ఏజెన్సీ దిగింది. గోడలకు స్పాంజి అతికించిన గదిలో గురునాథాన్ని కూర్చోబెట్టి, పేర్లూ అంకెలూ నినాదాలూ కొన్ని రోజులపాటు చదివించారు. ఇక ఎండలో తిరగక్కర్లేదు, పెన్‌డ్రైవ్ తిరుగుతుంది అన్నారు. సుఖమే కదా అనుకున్నాడు. కాని రోడ్డు పక్కన నిలబడి, ఖాళీ సీటున్న ఆటోలోంచి తన గొంతు తననే దాటుకుని వెళ్ళిపోతుంటే అతను పక్కకు తప్పుకుని దారిచ్చాడు. పోయినవాళ్ళకు ఇలా వినిపిస్తుందేమో అనుకున్నాడు.

కరోనా రెండో విడత ఏప్రిల్‌లో దేవదాసు పోయాడు. ఆసుపత్రి నుంచి తిన్నగా శ్మశానానికే. దీనమ్మనూ కూతురు ప్రియాంకనూ తప్ప ఎవర్నీ లోపలికి రానివ్వలేదు. గురునాథం గేటు బయట ఆగిపోయాడు. మట్టి వేస్తున్న చప్పుడు వినిపించి ఉండబట్టలేక, బావా అని పిలిచాడు. మిల్లు మొత్తాన్ని ఆపగలిగిన ఆ గొంతుతో, ఒక్కసారి. లోపల దీనమ్మకు అది వినబడింది. ఆ పిలుపే నన్ను పడకుండా నిలబెట్టింది అన్నయ్యా అని తర్వాత ఎన్నిసార్లు చెప్పుకుని ఏడ్చిందో లెక్కలేదు.

ఆ మరుసటి ఏడు గురునాథం గొంతు బొంగురుపోయింది. అరిచి అరిచి పోయిందనుకున్నారు, మిరియాల కషాయం తాగించారు. తీరా చూస్తే స్వరపేటికలో పుండు, పేరు చెప్పడానికి ఇంట్లో ఎవరికీ నోరు రాని జబ్బు. పేటిక మొత్తం తీసేశారు. మెడ ముందు చిన్న రంధ్రం, ఊపిరి అక్కడి నుంచే. మాట లేదు, గుసగుస కూడా లేదు. అప్పటికి రిటైరైన దీనమ్మ రోజూ వచ్చి ఆ రంధ్రం శుభ్రం చేసేది, దుమ్ము పోకుండా పల్చటి నూలు గుడ్డ కట్టేది. పార్వతమ్మను దగ్గర కూర్చోబెట్టుకుని నేర్పింది. గొంతు పోతే పోయింది వదినా, మనిషి దక్కాడు, అది చాలు మనకి అనేది. గురునాథం ఫోన్లో అక్షరాలు నొక్కి చూపించడం నేర్చుకున్నాడు. గల్లీలో సందడి సగానికి సగం తగ్గింది.

ఇప్పుడు కొడుకు సంగతి చెప్పాలి. మణిదీప్ డిప్లొమా చేసి, పార్టీ ప్రచారం నడిపే ఏజెన్సీలో కంప్యూటర్ల ముందు పనికి కుదిరాడు. చెడ్డవాడు కాదు, నాన్నంటే ప్రాణం. ఇంట్లో తెలుగే మాట్లాడేవాడు గాని హిందీలో పెరిగిన నాలుక కదా, మనం అనాల్సిన చోట మేము అనేవాడు. అమ్మా, మేము సినిమాకి వెళ్దామా అంటే పార్వతమ్మ, "అలాగే బాబూ, మీరెల్లి రండి, నానూ మీ నాన్నా ఇంటికాడుంటాం," అని ఏడిపించేది. అక్కడ పెరిగిన మన పిల్లలందరికీ ఉన్న తెగులే అది. రెండు మాటలకూ తేడా ఏమిటో వాడికి ఎన్నిసార్లు చెప్పినా చెవికెక్కలేదు.

మొన్నటి మున్సిపల్ ఎన్నికల చలికాలంలో ఒక సాయంత్రం మణిదీప్ ఇంటికొచ్చి, ఫోన్ తండ్రి ముందు పెట్టి, కళ్ళు మూసుకోమన్నాడు. ఫోన్లోంచి వినిపించింది: "మనవాళ్ళందరికీ దండాలు. నేను మీ గురునాథాన్ని. ఏటి, బావున్నారా?" పాత రికార్డు కాదు. ఆ స్పాంజి గదిలో చదివిన మాటలన్నీ మింగి, ఒక యంత్రం అతని గొంతు నేర్చుకుంది. ఏది టైపు చేస్తే అది పలుకుతుంది. నాన్నా, నీ గొంతు తెచ్చేశాను అన్నాడు మణిదీప్, వాడి కళ్ళలో నీళ్ళు. పార్వతమ్మ వంటింట్లోంచి పరుగున వచ్చి గోడ పట్టుకుని నిలబడింది. నన్నొకసారి పిలవమను అంది. మణిదీప్ టైపు చేశాడు. పార్వతీ అని పిలిచింది ఫోను, చివర కొంచెం సాగదీసి, అచ్చం అలాగే. ఆవిడ కొంగు నోట్లో కుక్కుకుంది. ఆపెయ్ అంది. రాత్రి అన్నాలయ్యాక, ఇంకోసారి పిలవమను అంది.

గురునాథం ఆ ఫోన్ పట్టుకుని దీనమ్మ దగ్గరకు వెళ్ళాడు. ఆవిడ విని, స్తోత్రం ప్రభువా అంది. తర్వాత అతని మూసిన పెదాల వైపు చూసింది.

"బాగుంది అన్నయ్యా. కాని నువ్వు ఇలా ఊరుకుని కూచుంటే నీ గొంతు వినపడతంటే నాకు భయమేస్తంది."

ఆడవాళ్ళ భయం అనుకుని అతను పట్టించుకోలేదు. ఏజెన్సీ ఆ గొంతును మళ్ళీ ఆటో ఎక్కిస్తామంటే తల ఊపాడు. ఎందుకు ఊపడు? మూడేళ్ళుగా పలకరించినవాడికి చిరునవ్వు తప్ప జవాబు లేదు. మళ్ళీ తన మాట గల్లీలో తిరుగుతుందంటే ప్రాణం లేచి వచ్చింది. రెండో రోజు మణిదీప్ తెలుగులో టైపు చేసిన మూడు వాక్యాలు చూపించాడు. మేమందరం ఒక్కటి. మా గల్లీ, మా గుడి, మా ఇళ్ళు. మా వాళ్ళను మేమే కాపాడుకోవాలి. గురునాథం ముఖం చిట్లించాడు. ఇదేం తెలుగు! ఫోన్ లాక్కుని ప్రతి మేమునీ మనం చేశాడు, ప్రతి మానీ మన చేశాడు. ఇరవై ఏళ్ళ అలవాటు, వేలు దానంతటదే దిద్దుకుపోయింది. ఇంతకీ మనవాళ్ళను ఎవరి నుంచి కాపాడుకోవాలి అన్న ప్రశ్న అతనికి తట్టలేదు. అంత మంచి గొంతు ఇచ్చిన దేవుడు ఆ ఒక్క నిమిషానికి బుద్ధి కూడా ఇచ్చి ఉంటే ఏం పోయేది!

శనివారం సాయంత్రం ఆటో వచ్చింది. గల్లీలో జనం అరుగుల మీదకు వచ్చి, గురునాథం గొంతు వచ్చిందర్రా అని పిలుచుకున్నారు. అతను కుర్చీ వేసుకుని గుమ్మంలో కూర్చున్నాడు. దండాలయ్యాయి, దిద్దిన మూడు వాక్యాలయ్యాయి. తర్వాత చిన్న దగ్గు, ముఖ్యమైన మాటకు ముందు అతను దగ్గే దగ్గు. యంత్రం దాన్ని కూడా నేర్చుకుంది. ఆ దగ్గు వెనక అతను ఎన్నడూ అనని మాటలు వచ్చాయి. "మనలో ఉంటూ మనవాళ్ళు కానివాళ్ళు ఎవరో చూసుకోండి. ఆదివారం ఏ గుమ్మం ముందు చెప్పులు ఎక్కువుంటాయో చూసుకోండి."

దేవదాసు పోయినప్పట్నుంచి ఆదివారం ప్రార్థన దీనమ్మ ఇంట్లోనే. వచ్చేది ముసలమ్మలు, ఇద్దరు ముగ్గురు నర్సులు. ఆ గల్లీలో ఆదివారం చెప్పులుండే గుమ్మం ఇంకోటి లేదు. గురునాథం లేచి ఆటో వెనక పరిగెత్తాడు. మెడ రంధ్రంలోంచి ఊపిరి ఈల వేస్తోంది. డ్రైవరు తెలుగు రాని మనిషి. చేతులు ఊపుతున్న ముసలాణ్ణి అభిమాని అనుకుని, ఒక పార్టీ కండువా చేతిలో పెట్టి నవ్వి వెళ్ళిపోయాడు. ఆటో తర్వాతి సందులోకి తిరిగింది. అక్కడ కూడా అదే దగ్గు, అవే మాటలు.

ఆదివారం ఎవరూ ఎవర్నీ కొట్టలేదు, తిట్టలేదు. లోపల ప్రార్థన జరుగుతుండగా గుమ్మం ముందు చెప్పులన్నీ మురిక్కాలవలో పడ్డాయి, అంతే. చలికి ముసలమ్మలు వట్టి కాళ్ళతో ఇళ్ళకు నడిచి వెళ్ళారు. ఎవరు చేశారో ఎవరూ చూడలేదట. దీనమ్మ చేత సూదులు వేయించుకుని పెరిగిన పిల్లల తల్లులు కిటికీలు మూసుకున్నారు. ఒకావిడ మాత్రం పార్వతమ్మ దగ్గరకు వచ్చి, మీ ఆయన చెప్పాక మేం ఏమంటామమ్మా అంది. పార్వతమ్మకు తల తీసేసినట్టయింది.

గురునాథం కొడుకును నిలదీశాడు. నిలదీయడమంటే ఏముంది, ఫోన్లో అక్షరాలు నొక్కి వాడి ముఖం మీదకు తోశాడు. మణిదీప్ ఏడ్చాడు. చివరి రెండు ముక్కలు పైవాళ్ళు కలిపారని, తనకు తెలీదని ఒట్టు వేశాడు. తీసెయ్యమంటే తన చేతిలో లేదన్నాడు, గొంతు వాళ్ళ దగ్గర ఉండిపోయింది.

"నేను రాసినట్టు ఉంచుంటే ఎవరూ నమ్మేవాళ్ళు కాదు నాన్నా. నువ్వు మన అని దిద్దావు కదా, అందుకే అందరికీ పక్కా నువ్వే అనిపించింది," అన్నాడు. వాడు నిందించడానికి అనలేదు, ఉన్నమాట అన్నాడు. కావాలంటే నువ్వు రాయి, అది నేను కాదు అని అదే గొంతుతో చెప్పిద్దాం అని కూడా అన్నాడు. గురునాథం రాశాడు. రాసింది చదువుకున్నాడు. నేను గురునాథాన్ని, మొన్న మాట్లాడింది గురునాథం కాదు. దీన్ని కూడా ఆ యంత్రమే కదా పలికేది అనుకునేసరికి తనెవరో తనకే అనుమానం వచ్చింది. చెరిపేశాడు.

పార్టీ ఆఫీసుకు వెళ్ళాడు. ఇప్పుడది అద్దాల మేడ. రిసెప్షన్లో కుర్రాడికి ఫోన్ చూపించాడు: ఆటోలో తిరిగే గొంతు నాది, ఆపించండి. కుర్రాడు ఫోనూ చూశాడు, మెడకున్న గుడ్డా చూశాడు. ఏ గొంతు అంకుల్ అని మర్యాదగానే అడిగాడు. అక్కడి నుంచి వర్మాజీ ఇంటికి వెళ్ళాడు. ముసలి పంతులు మంచంలో ఉన్నాడు, చూపు పూర్తిగా పోయింది. ఎవరది అని అడిగాడు. గురునాథం ఆయన చెయ్యి పట్టుకున్నాడు. ఎవరది అని మళ్ళీ అడిగాడు, పేరు చెప్పు బాబూ అన్నాడు. కోడలు ఇంట్లో లేదు. మాటతో తప్ప ఆయన ఇంకెలాగూ పోల్చుకోలేడు. గురునాథం ఆ మంచం మీద కాసేపు కూర్చుని, ఎవరూ కానివాడిలా లేచి వచ్చేశాడు.

దీనమ్మ ఇంట్లో సామాను మూటలు కడుతున్నారు. ప్రియాంక భిలాయి నుంచి వచ్చింది, అమ్మను తీసుకుపోతానంది. గురునాథం గుమ్మంలో చాలాసేపు నిలబడ్డాడు, లోపలికి రావడానికి ముఖం చెల్లలేదు. దీనమ్మే కుర్చీ వేసింది. అతను రాసి చూపించాడు: అది నేను కాదమ్మా.

"నువ్వు కాదని నా బుద్ధికి తెలుసు అన్నయ్యా," అంది ఆవిడ. "నా చెవికి తెలీటం లేదు. రాత్రి పడుకుంటే నీ గొంతే చెప్పుల లెక్క చూసుకోమంటంది. ఆయన సమాధి దగ్గర నన్ను నిలబెట్టిన గొంతు అది. దాన్ని తలుచుకుందామంటే ఇప్పుడిదే వినపడతంది."

దాచుకోలేక ఇంకో మాట కూడా రాశాడు: మన అని దిద్దింది నేనే. దీనమ్మ అది చదివి ఫోన్ అతని చేతిలో పెట్టేసింది. తిట్టి ఉంటే బాగుండేది. శనివారం మేము వెళ్ళిపోతున్నాం అంది, అంతే. ఇన్నేళ్ళలో ఆ ఇంట్లో అతని ముందు ఎవరూ మేము అనలేదు. ఉండిపొమ్మని రాయబోయాడు గాని, అలాంటి మాట నోటితో అడగాలి, అక్షరాలు చూపించి కాదు. శనివారం లోపల ఎలాగైనా అడగాలి, ఎలాగైనా ఆపాలి అనుకున్నాడు. ఆ నాలుగు రోజులూ అన్నం సయించలేదు. పెరట్లో నిలబడి మెడ మీద వేలు పెట్టి ఊపిరి బిగబట్టి, ఉండమ్మా అన్న ఒక్క మాట కోసం పెదాలు ఆడించాడు. గాలి వచ్చింది, మాట రాలేదు.

ఓట్లు లెక్క పెట్టారు, పార్టీ గెలిచింది. శనివారం పొద్దున చిన్న లారీ గల్లీలోకి వచ్చింది. మంచం, బీరువా, దేవదాసు కుర్చీ ఎక్కించారు. కిటికీలు మూసుకున్న ఇళ్ళవాళ్ళు ఇప్పుడు బయటికొచ్చి కళ్ళు తుడుచుకుంటున్నారు. పార్వతమ్మ దీనమ్మను కావలించుకుని ఏడ్చింది. గురునాథం లారీకి ఇవతల నిలబడ్డాడు. దీనమ్మ లారీ ఎక్కే మెట్టు మీద కాలు పెట్టి, అతనికి వీపు పెట్టి, చేతిలోని మూట కూతురికి అందిస్తోంది. ఇంకొక్క క్షణం దాటితే అడగడానికి ఏమీ ఉండదు. అతను రెండడుగులు ముందుకు వేశాడు, మెడ గుడ్డ మీద వేలు నొక్కిపెట్టాడు, ఉన్న బలమంతా కూడగట్టుకుని నోరు తెరిచాడు.

సరిగ్గా అప్పుడే గల్లీ మొదట్లోంచి, మిఠాయిలు పంచుతున్న పార్టీ విజయోత్సవం ఆటో లోపలికి వచ్చింది, లారీ అడ్డం ఉండటంతో దాని వెనకే ఆగింది. చిన్న దగ్గు వినబడింది.

"ఆగండి, ఆగండి. నోరు తీపి చేసుకోకుండా మనవాళ్ళెవరూ వెళ్ళకూడదు."

"ఆఁ, అన్నయ్యా," అంటూ దీనమ్మ గబుక్కున కాలు దించింది, ఆటో వైపు తిరిగింది. గురునాథం లారీకి ఇవతల, నోరు తెరుచుకుని నిలబడి ఉన్నాడు.